దగ్గు వినబడేదాకా ఆగకండి: జైళ్లలో టీబీ పరీక్షల గురించి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి, రాష్ట్ర క్షయ నియంత్రణ విభాగం అధికారులకు, ఉత్తర తెలంగాణ జిల్లాల జైలు సూపరింటెండెంట్లకు, జైలు వైద్యులకు

నమస్కారం.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చేసిన పని తెమడ పరీక్ష. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో ముప్పై ఏళ్లకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. పెద్ద హోదాలు చూసినవాణ్ని కాను. కానీ టీబీ క్రిమిని మాత్రం నేను చూసినన్నిసార్లు చూసినవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువమందే ఉంటారు. ఆ చనువుతోనే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

చాలా ఏళ్ల కిందటి మాట. ఒక కానిస్టేబుల్ పాలిథిన్ కవరులో తెమడ డబ్బీ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. జైలు నుంచి వచ్చింది. మూత మీద పేరుకు బదులు ఒక నంబరు రాసి ఉంది. మూత తీసి వెలుగులో వంచి చూశాను. లోపల ఉన్నది ఉమ్మి. నీళ్లలా పలచగా ఉంది, అంచుల వెంట నురగ ఉంది. తెమడ అలా ఉండదు. గుండెల్లోంచి తెచ్చిన తెమడ చిక్కగా, పసుపుపచ్చగా, పుల్లతో తీస్తే తీగలా సాగుతుంది. ‘నమూనా పనికిరాదు, మళ్లీ పంపగలరు’ అని చీటీ మీద రాసి తిప్పి పంపాను. నియమం అదే. రెండో డబ్బీ నా బల్ల మీదికి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఒక పండగ బందోబస్తు వచ్చింది, ఎస్కార్టుకు మనుషులు దొరకలేదు, ఆ తరువాత వరుస సెలవులు. ఆ రెండో డబ్బీ స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు నీలం రంగు నేల మీద ఎర్రటి సన్నని పుల్లలు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. మామూలుగా వంద ఫీల్డులు, అంటే మైక్రోస్కోపులో ఒక్కోసారి కనబడే మేరలు, వెతుకుతాం. ఆ రోజు అంత దూరం వెళ్లే అవసరమే లేకపోయింది. రిజిస్టరులో ‘3+’ అని రాశాను. అంతకు మించిన గ్రేడు మా లెక్కలో లేదు.

రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్‌ను అడిగాను, ఆ ఖైదీ ఉండే బ్యారక్‌లో ఎంతమంది ఉంటారని. నలభై మంది దాకా ఉంటారన్నారు. సాయంత్రం లెక్కపెట్టి తాళం వేస్తే మళ్లీ తెల్లవారాకే తలుపు తీస్తారన్నారు. పందొమ్మిది రాత్రులు, నలభై మంది, మూసిన తలుపు. ఆ లెక్క నన్ను ఇప్పటికీ వదలలేదు. మొదటి డబ్బీలో ఉమ్మి ఎందుకు ఉందో నేను ఆ రోజు అడగలేదు. తరువాత ఎప్పుడో తెలిసింది. తెమడ ఎలా తియ్యాలో అతనికి ఎవరూ చూపించలేదు. డబ్బీ చేతికిచ్చి ఇందులో ఉమ్మమన్నారు. అతను ఉమ్మాడు. చీటీ మీద ఆ ఒక్క వాక్యానికి బదులు, ‘లోతుగా ఊపిరి పీల్చి, రెండు మూడుసార్లు గట్టిగా దగ్గి, లోపలినుంచి తెమ్మనండి’ అని రాసి ఉండాల్సింది. నేను రాయలేదు. అందులో నా తప్పు ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జైలుకు కొత్తగా వచ్చిన మనిషిని పరీక్ష చేయాలని 1894 నాటి జైళ్ల చట్టం 24వ సెక్షనులోనే ఉంది. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఒంటి మీద గాయాలు ఉన్నాయా చూస్తారు, బరువు, బీపీ చూస్తారు, కొన్ని ప్రశ్నలు అడుగుతారు. వాటిలో ఒకటి, దగ్గు ఉందా అని. ఆ సమయంలో ఆ మనిషి పరిస్థితి ఎలా ఉంటుంది? స్టేషన్‌లో రాత్రంతా కూర్చుని, కోర్టులో నిలబడి, ఇంటివాళ్ల ఏడుపు విని వచ్చి ఉంటాడు. వకీలు ఎవరు, బెయిల్ ఎప్పుడు, ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది అన్న ఆలోచనల్లో ఉంటాడు. దగ్గు ఉందా అంటే లేదంటాడు. ఉన్నా లేదంటాడు. ఉందని చెప్తే ఎక్కడ విడిగా పెడతారో, పక్కవాళ్లు ఎక్కడ దూరం జరుపుతారో అని భయపడతాడు. కొందరికి దగ్గు అసలు దగ్గులాగే తోచదు. బీడీ తాగేవాడికి, దుమ్ములో పనిచేసేవాడికి దగ్గు ఒంట్లో భాగమైపోయి ఉంటుంది.

మన ప్రాంతం సంగతే తీసుకోండి. రామగుండం నుంచి భూపాలపల్లి దాకా బొగ్గు గనులు. సిరిసిల్లలో మరమగ్గాల నూలు దుమ్ము. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లో ఒళ్లో చాట పెట్టుకుని రోజంతా తంబాకు పొడి పీలుస్తూ బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఆదిలాబాద్ అడవి గూడేల్లో ఒంట్లో రక్తం లేని యువకులు. జైలుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి ఇళ్ల నుంచే వస్తారు. వాళ్ల ఊపిరితిత్తులు జైలు గేటు దాటకముందే సగం అలసిపోయి ఉంటాయి. క్రిమి వాళ్లలో కొందరికి బయటే అంటుకుని నిద్రలో ఉంటుంది. దిగులు, నిద్రలేమి, తిండి తేడా, ఇరుకు కలిస్తే అది లేచి కూర్చుంటుంది.

దగ్గు ఉందా అని అడిగి ఊరుకుంటే ఎంత తప్పిపోతుందో మన దేశమే లెక్క తేల్చింది. 2019 నుంచి 2021 వరకు జాతీయ స్థాయిలో టీబీ వ్యాప్తి సర్వే జరిగింది. పదిహేనేళ్లు దాటినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉన్నట్టు తేలింది. ఆ సర్వేలో నా మనసులో నాటుకున్న అంకె ఇంకొకటి ఉంది. ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే, దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది దొరికేవాళ్లే కారు. వందలో నలభై రెండు మంది పైచిలుకు! ముప్పై ఏళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్న నాకు ఆ అంకె చదివి చెమట పట్టింది. నా దగ్గరికి డబ్బీ పంపించినవాళ్లందరూ దగ్గినవాళ్లే. దగ్గనివాళ్ల డబ్బీ నా దాకా ఎప్పుడు వచ్చింది గనుక? అదే సర్వేలో లక్షణాలు ఉన్నవారిలో 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదని కూడా తేలింది. వీళ్లందరూ కాళ్లకు సంకెళ్లు లేని మనుషులు. కావాలంటే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లగలిగినవాళ్లు. మరి ఖైదీ? అతను వెళ్లాలనుకున్నా వెళ్లలేడు. వార్డరుకు చెప్పుకోవాలి, వార్డరు పైవారికి చెప్పాలి, వైద్యుడు రాయాలి, ఎస్కార్టు రావాలి. అందుకే జైల్లో రోగం ఉన్న మనిషిని వెతుక్కుంటూ మనమే వెళ్లాలి. రోగి మనల్ని వెతుక్కుంటూ వచ్చే దారి అక్కడ లేదు.

నేను మిమ్మల్ని అడిగేది ప్రధానంగా ఒక్కటే. జైలులో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ, దగ్గు ఉన్నా లేకపోయినా, వచ్చిన మొదటి రోజుల్లోనే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. అందులో ఏ మాత్రం తేడా కనిపించినా, లక్షణాలు ఏ మాత్రం ఉన్నా, తెమడను మాలిక్యులర్ పరీక్షకు, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని యంత్రంతో పట్టే పరీక్షకు, పంపండి. జైళ్లలో ఉన్నవారికి క్రమం తప్పకుండా టీబీ స్క్రీనింగ్ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గట్టిగానే సిఫారసు చేసింది. పదిహేనేళ్లు దాటినవారి ఎక్స్‌రేను కంప్యూటర్ సాఫ్ట్‌వేరుతో చదివించవచ్చని కూడా చెప్పింది. రేడియాలజిస్టు లేరు కాబట్టి ఎక్స్‌రే వద్దు అనే మాట ఇక చెల్లదు. చేతిలో పట్టుకుని తీసే ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి. వాటిని ఊళ్లకు తీసుకెళ్తున్నారు. ఊరి చావడి దాకా వెళ్లే యంత్రం జైలు గేటు దాటి లోపలికి వెళ్లలేదా?

ఎక్స్‌రే అంటే అదేదో ఖరీదైన కోరిక అని ఎవరైనా అంటే ఒక్కసారి జగిత్యాల వైపు చూడమని చెప్తాను. సౌదీకో, కువైట్‌కో పనికి వెళ్లే ప్రతి యువకుడూ విమానం ఎక్కేముందు గల్ఫ్ మెడికల్‌కు వెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటాడు. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ అని తిప్పి పంపుతారు. ఆ పద్ధతిలోని కాఠిన్యాన్ని నేను సమర్థించడం లేదు. అప్పు చేసి, ఏజెంటుకు డబ్బు కట్టి, పాత మచ్చ వల్ల ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు నాకు తెలుసు. కానీ ఒక సంగతి గమనించండి. పరాయి దేశం తన లేబర్ క్యాంపు గదిలోకి కొత్త మనిషిని పంపేముందు అతని ఊపిరితిత్తులు చూస్తున్నది. మనం మన బ్యారక్‌లోకి, మన మనుషుల మధ్యకి కొత్త మనిషిని పంపేముందు చూడటం లేదు. వాళ్లు తిప్పి పంపడానికి చూస్తారు, మనం వైద్యం చేయడానికి చూద్దాం. చూడటం మాత్రం చూడాలి.

మైక్రోస్కోపు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే అది నాకు అన్నం పెట్టిన పనిముట్టు. 1882 మార్చి 24న రాబర్ట్ కోచ్ టీబీ క్రిమిని లోకానికి చూపించినప్పటి నుంచి వందేళ్లకు పైగా మనకు అదే దిక్కు. కానీ దాని చూపుకు హద్దు ఉంది. ఒక మిల్లీలీటరు తెమడలో ఐదు నుంచి పది వేల క్రిములు ఉంటేనే స్లైడు మీద కనబడతాయి. మాలిక్యులర్ పరీక్ష చేసే సీబీనాట్, ట్రూనాట్ వంటి యంత్రాలకు ఆ సంఖ్య వందల్లో ఉన్నా చాలు. గంట నుంచి రెండు గంటల్లో ఫలితం చెప్తాయి, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెప్తాయి. ట్రూనాట్ గోవాలో తయారవుతుంది, బ్యాటరీతో నడుస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బల్ల మీద పెట్టుకోవచ్చు. అలాంటిది చేతిలో ఉండగా ఖైదీ తెమడను ఇంకా స్లైడు మీదే చూసి, నెగెటివ్ అని రాసి బ్యారక్‌కు పంపించకండి. నేను రాసిన నెగెటివ్‌లలో ఎన్ని నిజమైన నెగెటివ్‌లో నాకు ఈ వయసులో తెలియదు. ఆ అనుమానం మీ టెక్నీషియన్లకు మిగలకూడదు.

జైళ్లలో టీబీ ఎంత ఉందన్న లెక్క మీ ముందు పెట్టక తప్పదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా జైళ్లలో ఉన్నవారిలో సుమారు లక్షా పాతిక వేల మందికి టీబీ వచ్చిందని, అందులో సగం కంటే కాస్త ఎక్కువమందికి, అంటే 53 శాతానికి మాత్రమే జబ్బు గుర్తించారని 2023లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మిగతావాళ్లు? లెక్కలోకి రాకుండా దగ్గుతూ ఉన్నారు. మన దేశంలో 2022 చివర జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వందమంది పట్టే చోట సగటున 131 మంది. వాళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. న్యాయమూర్తి ఎవరికీ టీబీ శిక్ష వేయలేదు. దొంగతనం చేసినా, చేయకపోయినా, ఆ కేసు తేలేలోపు ఒక మనిషి ఊపిరితిత్తి పాడైతే దాన్ని తిరిగి ఇచ్చే కోర్టు ఏదీ లేదు. నెల్సన్ మండేలా అంతటి మనిషికి కూడా జైల్లోనే, 1988లో, టీబీ బయటపడింది. ఆయనకు సకాలంలో వైద్యం అందింది, నయమైంది. తరువాత ఐక్యరాజ్య సమితి ఖైదీల కోసం ఆయన పేరుతోనే నియమాలు చేసింది. బయట ఉన్నవారికి ఎలాంటి వైద్యం అందుతుందో లోపల ఉన్నవారికీ అలాంటిదే అందాలని అందులో ఉంది.

2024 డిసెంబర్ 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో జైళ్లనూ చేర్చారు. సంతోషించాను. కానీ శిబిరం ఒక రోజు జరుగుతుంది. జైలు జనం ఒక్క రోజు ఉన్నట్టు మరో రోజు ఉండరు. పొద్దున పదిమంది బెయిల్ మీద వెళ్తారు, సాయంత్రం పన్నెండు మంది రిమాండ్ మీద వస్తారు. శిబిరం జరిగిన మర్నాడు వచ్చిన మనిషి వచ్చే ఏడాది శిబిరం దాకా ఆగాలా? శిబిరాలు మానమని కాదు. ఏడాదికి రెండుసార్లు అందరికీ ఎక్స్‌రే తీయండి. అయితే అది రోజువారీ గేటు పరీక్షకు తోడుగా ఉండాలి. చిన్న సబ్‌జైళ్లలో పూర్తికాలపు వైద్యుడు ఉండడు, యంత్రం పెట్టే చోటూ ఉండదు. అలాంటి చోటికి వారానికి ఒక నిర్ణీత రోజున జిల్లా టీబీ విభాగం బండి వెళ్లేలా ఏర్పాటు చేస్తే, ఎస్కార్టు కోసం ఎదురుచూసే బాధ సగం తప్పుతుంది. ఒక ఖైదీని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఇద్దరు ముగ్గురు పోలీసులు కావాలి. ఒక యంత్రాన్ని జైలుకు తీసుకెళ్లాలంటే ఒక డ్రైవరు, ఒక టెక్నీషియన్ చాలు. మా వాళ్లు వస్తారు. పిలవండి.

ఇక గాలి సంగతి. టీబీ గాలి జబ్బు. దగ్గినప్పుడు బయటికొచ్చిన సన్నని తుంపరలు ఆరిపోయి, కంటికి కనబడకుండా గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటాయి. గాలి ఆడితే పలచబడతాయి. ఎండ తగిలితే క్రిమి చస్తుంది. తలుపు మూసిన గదిలో ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీల్చాలి. పెరూ దేశంలోని లిమా నగరం ఆసుపత్రుల్లో ఈ విషయాన్ని కొలిచి చూశారు. ఎత్తైన పైకప్పు, పెద్ద పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు గదులు కొత్త గదులకంటే, యంత్రాలతో గాలి ఆడించే గదులకంటే కూడా ఎక్కువ రక్షణ ఇచ్చాయని 2007లో ప్రచురించారు. మన పాత ఇళ్లలో గోడ పైభాగాన గవాక్షాలు పెట్టిన మేస్త్రీలకు ఆ లెక్క తెలియదు గానీ, ఆ ఇంగితం ఉంది.

ఈ మాట వరంగల్‌లో ఉండి చెప్పడానికి నాకొక కారణం ఉంది. నిజాం కాలంలో కట్టిన మా కేంద్ర కారాగారం నూట ముప్పై ఏళ్లకు పైగా నగరం నడిబొడ్డున, ఎంజీఎం ఆసుపత్రికి దగ్గర్లోనే నిలబడింది. అక్కడ ఖైదీలు నేసిన తివాచీలు పెద్దపెద్ద ఇళ్లలో పరిచారు. 2021 జూన్‌లో ఖైదీలను వేరే జైళ్లకు తరలించి, దాన్ని కూల్చి, ఆ నేల మీద ఇరవై నాలుగు అంతస్తుల ఆసుపత్రి తలపెట్టారు. జైలు ఉన్న చోట ఆసుపత్రి లేవడం చూసి చాలామంది సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే వరంగల్‌కు కొత్త జైలు గీసేటప్పుడు ఆ కాగితం మీద కొన్ని గీతలు టీబీ కోసం కూడా గీయండి. ప్రతి బ్యారక్‌కూ ఎదురెదురు గోడల్లో మూయడానికి వీల్లేని గవాక్షాలు ఉండాలి. కొత్తగా వచ్చినవారు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఉండటానికి గాలి వెలుతురు ఉన్న చిన్న గదులు ఉండాలి. ఎక్స్‌రేకు గేటు పక్కనే ఒక గది ఉండాలి. గోడ లేచాక కిటికీ కొట్టాలంటే ఎంత కష్టమో ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ తెలుసు. పాత జైళ్లలో అయితే కనీసం చలికాలంలో కిటికీలకు అడ్డంగా కట్టే గోనెపట్టాలు, అట్టముక్కల సంగతి చూడండి. చలికి కప్పుకోవడానికి ఇంకో దుప్పటి ఇస్తే ఆ అట్టముక్క అక్కర్లేదు.

టీబీ ఉందని తేలినవారిని మొదట్లో విడిగా ఉంచడం అవసరమే. సరైన మందులు పడ్డాక రెండు వారాల్లో ఎదుటివారికి అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కానీ ఆ రెండు వారాలు ఒంటరి సెల్లులో శిక్షలా గడిస్తే, ఆ కబురు బ్యారక్ అంతా పాకుతుంది. ఆ తరువాత ఎవరూ దగ్గు ఉందని చెప్పరు. విడిగా ఉంచినప్పుడు అతని ములాఖత్ ఆపకండి. పని పోదని, తగ్గాక మళ్లీ అదే పనిలో పెడతామని ముందే చెప్పండి. అతని రిపోర్టు వైద్యుడికి, అతనికి తప్ప మూడో మనిషికి తెలియనివ్వకండి. పక్కన పడుకున్నవారందరికీ ఎక్స్‌రే తీయించి, జబ్బు లేదని తేలినవారికి నివారణ మందులు మొదలుపెట్టండి. వారానికి ఒకసారి చొప్పున పన్నెండు వారాలు వేసే మందు ఇప్పుడు ప్రభుత్వ టీబీ కార్యక్రమంలోనే ఉంది. ఈ పరీక్షల్లో వార్డర్లనూ వదలకండి. వాళ్లు కూడా అదే గాలి పీల్చి, డ్యూటీ దిగి, ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు. ఏడాదికొకసారి ఎక్స్‌రే వాళ్ల హక్కు.

ఇప్పుడు జైలు బయటి సంగతి ఒకటి చెప్తాను. ఒక తల్లి నా ల్యాబుకు వచ్చింది. జగిత్యాల వైపు పల్లె, బీడీలు చుట్టే మనిషి, వేళ్ల చివర్లు ఆకు రంగు పట్టి నల్లబడి ఉన్నాయి. కొంగు ముడి విప్పి ఖాళీ మందు స్ట్రిప్పు తీసి నా ముందు పెట్టింది. ‘సారూ, ఇవి ఏం గోళీలో చెప్పండి. మా వాడికి జైల్లో ఇచ్చారట. అయిపోయాయి’ అన్నది. అవి టీబీ మొదటి రెండు నెలల్లో వేసే నాలుగు మందులు కలిసిన మాత్రలు. కొడుకు రిమాండ్‌లో ఉండగా జబ్బు బయటపడింది, మందులు మొదలుపెట్టారు. ఇరవై రోజులు తిరిగేసరికి బెయిల్ వచ్చింది. సాయంత్రం కాగితాలు వచ్చాయి, చీకటిపడే వేళకు బయటికి పంపారు. చేతిలో ఉన్నది ఆ ఒక్క స్ట్రిప్పు. ఏ జబ్బో చెప్పలేదా అని అడిగితే, చెప్పారేమో, వాడు నాకు చెప్పలేదంది. ఇంకో సంగతి మెల్లగా, సిగ్గుపడుతూ చెప్పింది. మాత్రలు మొదలైన మొదటి వారంలోనే మూత్రం ఎర్రగా రావడం చూసి, రక్తం పడుతోందనుకుని వాడు మధ్యలో నాలుగు రోజులు మానేశాడట. రిఫాంపిసిన్ వేస్తే మూత్రం నారింజ రంగులో రావడం మామూలే. మొదటి మాత్ర ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన మొదటి మాట అది. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ‘అమ్మా, ఆరు నెలలు వేస్తే పూర్తిగా నయమవుతుంది, రేపు మీ అబ్బాయిని వెంటబెట్టుకుని రండి’ అన్నాను. తెచ్చింది. అతను వైద్యం పూర్తి చేశాడు కూడా. కానీ అది ఆమె కొంగున ముడివేసుకుని తెచ్చిన ఖాళీ స్ట్రిప్పు వల్ల జరిగింది. మన ఏర్పాటు వల్ల జరగలేదు.

విడుదల రోజున ఏం చేయాలో నా అనుభవం కొద్దీ చెప్తాను. బెయిల్ ఒక్క గంట కూడా ఆపవద్దు, అది అతని హక్కు. కానీ మందులు వాడుతున్న ప్రతి విచారణ ఖైదీకీ ఒక నెలకు సరిపడా మందుల పొట్లం ముందే కట్టి, గేటు దగ్గర అతని వస్తువులతో పాటు ఉంచండి. బెయిల్ రేపు రావచ్చు, ఈ రాత్రే రావచ్చు. ప్రభుత్వ టీబీ రికార్డులోని అతని నిక్షయ్ నంబరు, ఏ మందు ఎప్పుడు మొదలైంది అన్న వివరం తెలుగులో రాసిన కార్డు అందులోనే పెట్టండి. ఆ రోజే అతని ఊరి ఆరోగ్య కేంద్రానికి, అక్కడి టీబీ సూపర్‌వైజరుకు ఒక ఫోను చేయండి. ఫోను చేసేది ఎవరో పేరు పెట్టి బాధ్యత అప్పగించండి. లేకపోతే ఆ పని జైలువారిది అని టీబీ విభాగం, టీబీ విభాగానిది అని జైలువారు అనుకుంటారు. మధ్యలో మనిషి జారిపోతాడు. మందులు సగంలో మానేసిన టీబీ ఎలా మొండిదవుతుందో ఇది చదివే వైద్యులకు నేను చెప్పనక్కర్లేదు. జైళ్ల చట్టం 26వ సెక్షను చూడండి. ప్రమాదకరమైన జబ్బుతో ఉన్న ఖైదీని అతని ఇష్టానికి వ్యతిరేకంగా, వైద్యాధికారి సురక్షితమని అనేదాకా విడుదల చేయరాదని ఉంది. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు పంపేముందు కూడా వైద్యుడి ధ్రువీకరణ కావాలని ఉంది. ఎప్పుడో తెల్లదొరలు రాసిన చట్టంలోనే గేటు దాటే రోగి గురించి అంత జాగ్రత్త ఉంది.

తిండి గురించి క్లుప్తంగా. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లవారికి ప్రతి నెలా అదనపు ఆహారం ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. రోగికి, అతని పక్క పడకవారికి గుడ్డు, పప్పు పెంచడం మందు లాంటిదే. టీబీ రోగి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ సొమ్ము 2024 నవంబర్ నుంచి నెలకు వెయ్యి రూపాయలైంది. బ్యాంకు ఖాతా లేదన్న కారణంతో అది ఖైదీకి ఆగిపోకుండా, లోపల ఉండగానే ఖాతా తెరిపించే పని ఎవరైనా చూడాలి.

ఇవన్నీ మా వల్ల అయ్యే పనులా అని మీరు అనుకోవచ్చు. అవుతాయని నాకు నమ్మకం. పెట్రోలు బంకులు నడిపి, ఖైదీల చేత నోట్లు లెక్కపెట్టించి, నమ్మకంగా పనిచేయించి చూపించిన శాఖ మీది. వేలిముద్రతో లోపలికి వచ్చినవారికి అక్షరాలు నేర్పించారు. అక్షరాలు నేర్పినవాళ్లలోనూ ఖైదీలే ఉన్నారు. అలాగే ప్రతి బ్యారక్‌లో ఇద్దరిని ఎంచుకుని టీబీ గురించి నేర్పండి. రాత్రి ఎవరు దగ్గుతున్నారో, ఎవరి ఒంటికి చెమటలు పడుతున్నాయో, ఎవరి నిక్కరు నడుము దగ్గర వదులవుతోందో వైద్యుడికంటే ముందు పక్క పడకవాడికే తెలుస్తుంది. అతను మెల్లగా, పరువు పోకుండా చెప్పే దారి ఒకటి ఉంటే చాలు.

ఒక చిన్న పని మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు, దానికి బడ్జెట్టు కూడా అక్కర్లేదు. తెమడ డబ్బీ చేతికిచ్చేటప్పుడు ఒక్క నిమిషం మనిషి పక్కన నిలబడండి. పొద్దున్నే, ఏమీ తినకముందు, నోరు మంచినీళ్లతో పుక్కిలించమనండి. ఆరుబయట, గాలి ఆడే చోట నిలబెట్టండి, బాత్రూములో వద్దు. మూడుసార్లు లోతుగా ఊపిరి పీల్చి, మూడోసారి బిగబట్టి, గట్టిగా దగ్గి లోపలినుంచి తెమ్మనండి. మీరు రెండడుగులు వెనక్కి నిలబడండి. తెచ్చినది చూసి, పలచగా ఉంటే కోప్పడకుండా మళ్లీ ఒకసారి ప్రయత్నించమనండి. మూత మీద నంబరుతో పాటు పేరు కూడా రాయండి.

ఇది నేర్పడానికి మనిషి కావాలంటే నేనున్నాను. కరీంనగర్ అయినా, నిజామాబాద్ అయినా, ఆదిలాబాద్ అయినా, చిన్న సబ్‌జైలు అయినా వస్తాను. బస్సు చార్జీలు కూడా అక్కర్లేదు. బ్యారక్ తలుపులు తీసే వేళకు గేటు దగ్గర ఉంటాను, లోపలికి రానివ్వండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్
హనుమకొండ